లక్షన్నర లెన్సు, తాతయ్య మగ్గం

మగ్గం తీసేస్తున్నారని అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో ఒక లెన్సు రివ్యూ చూస్తున్నా. నిజం చెప్పాలంటే అదే రివ్యూ మూడోసారి చూస్తున్నా.

"సంక్రాంతి అయ్యాక గుంట పూడ్చేసి టైల్స్ వేయిస్తాడంట మావయ్య. నాన్నకి కూడా కళ్లు ఆనట్లేదురా. ఇంకెన్నాళ్లని కూర్చుంటాడు అందులో?"

"ఊఁ" అన్నా. కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. ఫోన్ పెట్టేశాక ఓ పది నిమిషాలకి గానీ ఆ మాట బుర్రకెక్కలేదు. మంగళగిరిలో అమ్మమ్మ వాళ్లింట్లో ముందుగది అంటే మగ్గమే. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. నేల తవ్వి చేసిన గుంట, అంచున కూర్చున్న తాతయ్య, ఆయన చెయ్యి తాడు లాగినప్పుడల్లా టకటకమని అటూ ఇటూ పరిగెత్తే నాడె. సెలవులకి వెళ్తే ఆ చప్పుడుకే నిద్ర లేచేవాళ్లం. అలాంటిదానికి నా దగ్గర ఒక్క మంచి ఫొటో లేదు. ఫోన్‌లో ఉన్నవన్నీ ఎవరిదో పుట్టినరోజున తీసినవి, వెనకాల ఎక్కడో సగం మగ్గం కనిపించేవి.

వెంటనే బుర్రలో లాజిక్ తయారైపోయింది. ఆ గదిలో వెలుతురు ఉండదు. ఒక చిన్న కిటికీ, ఒక ఎల్‌ఈడీ బల్బు, అంతే. కాబట్టి నాకు ఎఫ్ 1.0 లెన్సు కావాలి. ముందు సొల్యూషన్ ఎంచుకుని తర్వాత దానికి సరిపడా ప్రాబ్లమ్ వెతుక్కోవడం మా ఉద్యోగాల్లో కొత్తేం కాదు.

ఇంతకీ లెన్సు సంగతి. వాయిట్‌లాండర్ నాక్టన్ 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.0. జపాన్‌లో కొసీనా కంపెనీ తయారు చేస్తుంది, 2022లో వచ్చింది. లైకా ఎం మౌంట్ ఉన్న రేంజ్‌ఫైండర్ కెమెరాలకి సరిపోతుంది. బరువు 484 గ్రాములు. వచ్చిన కొత్తలో ధర అమెరికాలో దాదాపు 1,800 డాలర్లు. మన లెక్కలో లక్షన్నర, కస్టమ్స్, జీఎస్టీ కలిపితే ఇంకా పైన. ఇదే తరగతిలో లైకా వాళ్ల నాక్టిలక్స్ ఎఫ్ 0.95 ఉంది గానీ, దాని ధర పది వేల డాలర్ల పైమాటే. దాంతో పోలిస్తే నాక్టన్ చవకే కదా అని మనసు చెబుతుంది. మనసు ఇలాంటి పోలికలకి భలే ముందుంటుంది.

"మా ఫోన్‌లో ఎఫ్ 1.8 ఉంది, ఎఫ్ 1.0లో ఏముంది అంత గొప్ప?" అని మీరు అడగొచ్చు. మా రూమ్మేట్ అడిగాడు కూడా. ఎఫ్ అనేది ఒక నిష్పత్తి మాత్రమే. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ని, వెలుతురు వచ్చే కంత వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె. ఫోన్ మెయిన్ కెమెరా ఫోకల్ లెంగ్త్ దాదాపు ఏడు మిల్లీమీటర్లు అనుకుంటే, ఎఫ్ 1.8 దగ్గర కంత నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఇక్కడ 50ని 1తో భాగించండి. 50 మిల్లీమీటర్ల కంత! వైశాల్యం లెక్కేస్తే సుమారు 150 రెట్లు. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక మసక అంతా సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి పూసేది. చెవి దగ్గర జుట్టు అందుకే అప్పుడప్పుడూ కత్తిరించినట్టు కనిపిస్తుంది. ఇందులో మసక గాజులోంచే వస్తుంది.

నా కెమెరా సెకండ్‌హ్యాండ్‌ది, 24 మెగాపిక్సెళ్ల పాత డిజిటల్ రేంజ్‌ఫైండర్. ఐఎస్ఓ 3200 దాటిస్తే నీడల్లో చారలు పడతాయి. ఉన్న లెన్సు ఒక్కటే, 50 ఎఫ్ 2. ఎఫ్ 2 నుంచి ఎఫ్ 1.0కి వెళ్తే వెలుతురు నాలుగు రెట్లు. అంటే ఇప్పుడు సెకనులో 60వ వంతు షట్టర్‌తో తీసేది 250వ వంతుతో తీయొచ్చు. తాడు లాగే చెయ్యి కదిలిపోకుండా పడుతుంది. కాగితం మీద కేసు చాలా బలంగా ఉంది.

అదృష్టం ఏంటంటే మా టీమ్‌లో ఒక సీనియర్ దగ్గర ఈ లెన్సు ఉంది. "కొనేముందు వారం వాడి చూడు, తర్వాత నన్ను తిట్టుకోకు" అని ఇచ్చాడు. డిసెంబర్ నెలాఖరున సెలవు పెట్టి, లెన్సుని రెండు టవళ్లలో చుట్టి, హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కా. బ్యాగ్ ఒళ్లోనే. కుదుపు వచ్చినప్పుడల్లా చేతులు వాటంతటవే బిగుసుకునేవి.

తాతయ్య లెన్సుని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. ఫోకస్ రింగ్ తిప్పారు. "నునుపుగా తిరుగుతోంది" అన్నారు. పనిముట్టు పట్టుకుంటే ఆయన ముందు చూసేది అదే.

"ఎంతరా?"

"పదిహేను వేలు తాతయ్యా."

"పదిహేను వేలే!" అంటూ జాగ్రత్తగా నా చేతిలో పెట్టేశారు. లక్షన్నర అని చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్తే ఆయన ఎన్ని చీరల కూలో లెక్కేస్తారని తెలుసు. ఆ లెక్క నేను బస్సులోనే వేసుకుని, సగంలో ఆపేశా.

మొదటి రోజు 212 ఫొటోలు తీశా. మీటరు దూరం నుంచి, ఎఫ్ 1.0లో, మగ్గం మీదున్న తాతయ్య. కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద అన్నీ సినిమా స్టిల్స్‌లా ఉన్నాయి. రాత్రి ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూస్తే, కన్ను స్పష్టంగా పడ్డవి 31. మిగతావాటిలో చెవి, చొక్కా కాలరు, మీసం. ఒకదాంట్లో గోడ మీద క్యాలెండర్ అద్భుతంగా వచ్చింది.

తప్పు లెన్సుది కాదు, లెక్కది. మీటరు దూరంలో 50 మిల్లీమీటర్ల లెన్సుని ఎఫ్ 1.0లో వాడితే స్పష్టంగా ఉండే మందం మొత్తం కలిపి 2.3 సెంటీమీటర్లు. ఎఫ్ 1.4లో 3.2. ఎఫ్ 2లో 4.6. అదీ పాతకాలం ప్రింట్ల కొలతల ప్రకారం. స్క్రీన్ మీద వందశాతం పెద్దది చేసి చూసే నాలాంటివాళ్లకి అందులో సగం కూడా ఉండదు. తాతయ్య అచ్చు బాదడానికి కాస్త ముందుకి వంగితే చాలు, ఆ రెండు సెంటీమీటర్లు దాటిపోయినట్టే. నేను ఊపిరి తీసుకున్నా అంతే.

పైగా ఇది రేంజ్‌ఫైండర్. ఇందులో మనం లెన్సులోంచి చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. మధ్యలో ఒక చిన్న చతురస్రంలో రెండు బొమ్మలు కనిపిస్తాయి. రింగ్ తిప్పుతూ ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కలిసేదాకా తెస్తే ఫోకస్ కుదిరినట్టు. చక్కటి పద్ధతి, 1950ల నుంచి పెద్దగా మారలేదు. కానీ ఆ కిటికీలో దగ్గరిదీ దూరందీ అన్నీ స్పష్టంగానే ఉంటాయి. ఫొటోలో ఏది మసకబారుతుందో తీసేటప్పుడు కనిపించదు. లెన్సు లావు కావడంతో కిటికీ కుడివైపు కింద మూలని కూడా కొంత కప్పేస్తుంది. సరిగ్గా అక్కడే తాతయ్య చెయ్యి ఉండేది.

ఇంకో తిరకాసు పట్టుకోవడానికి నాకు రెండో రోజు మధ్యాహ్నం దాకా పట్టింది. ఫోకస్ చతురస్రం మధ్యలో ఉంటుంది కదా. కన్ను మీద ఫోకస్ పెట్టి, తర్వాత చేతులు కూడా ఫ్రేమ్‌లోకి రావాలని కెమెరాని కిందికి వంచుతా. అందరూ చేసేదే. కానీ లెన్సు ఫోకస్ చేసేది ఒక సమతలం మీద. కెమెరా 15 డిగ్రీలు వంగితే ఆ తలం కూడా వంగుతుంది. మీటరుని కాస్ 15తో గుణిస్తే 96.6 సెంటీమీటర్లు. అంటే ఫోకస్ కంటికి 3.4 సెంటీమీటర్లు వెనక్కి జారిపోయింది. ఉన్న మందమే 2.3! నిన్న చెవులన్నీ అంత స్పష్టంగా ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమైంది. ఇంటర్‌లో త్రికోణమితి ఎందుకురా మనకి అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

దీనికి విరుగుడు ఉంది. ఫోకస్ పెట్టి, వంచాక, ఒళ్లు ఓ మూడు సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. లేదా కెమెరా వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తూ ఫోకస్ చేయాలి. రెండోది బాగా పనిచేసింది. కాకపోతే స్క్రీన్ చూస్తూ తీయాలంటే రేంజ్‌ఫైండర్ ఎందుకు, ఏ మిర్రర్‌లెస్ కెమెరానో కొనుక్కుంటే కంటిని వెతికి పట్టుకునే ఆటోఫోకస్ కూడా వస్తుంది కదా! ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

అసలు ఇలాంటి లెన్సులు పుట్టింది వేరే అవసరం కోసం. 1961లో కెనాన్ తన రేంజ్‌ఫైండర్ కోసం 50 ఎఫ్ 0.95 తెచ్చింది. లైకా 1966లో ఎఫ్ 1.2, తర్వాత 1970ల్లో ఎఫ్ 1.0, 2008లో ఎఫ్ 0.95 తెచ్చింది. మొదటి రెండు మూడింటి రోజుల్లో 400 ఫిల్మ్ అంటేనే వేగమైనది. చీకట్లో ఫొటో కావాలంటే గాజు పెద్దది చేయడం తప్ప దారి లేదు. స్టాన్లీ కుబ్రిక్ 1975 నాటి 'బారీ లిండన్'లో కొవ్వొత్తుల వెలుతురులో సీన్లు తీయడానికి, నాసా కోసం జైస్ చేసిన ఎఫ్ 0.7 లెన్సులు సంపాదించుకున్నాడు. ఇవాళ కొత్త కెమెరాలు ఐఎస్ఓ 6400ని నవ్వుతూ ఇచ్చేస్తాయి. చీకటి సమస్య చాలావరకు సెన్సర్‌వాళ్లే తీర్చేశారు. ఇప్పుడు ఎఫ్ 1.0 కొనేవాళ్లు కొంటున్నది వెలుతురుని కాదు, మసకని. నేను కూడా. మగ్గం గది చీకటి అనేది పైకి చెప్పిన కారణం.

రెండో రోజు సాయంత్రం బాగా వచ్చినవి నాలుగు ఏరి, తాతయ్యకి ల్యాప్‌టాప్‌లో చూపించా. కళ్లజోడు తుడుచుకుని దగ్గరికి జరిగారు. కన్ను, కనుబొమ మీద తెల్లవెంట్రుకలు, చెంప మీద ముడతలు అన్నీ లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా పొగలా కరిగిపోయింది. నాకైతే గర్వంగా ఉంది.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత వేలితో ఆ పొగని చూపించి, "పడుగు ఏదిరా?" అన్నారు.

"అది బ్లర్ తాతయ్యా. కావాలనే అలా తీశా. మొహం మీదికే చూపు పోవాలని."

"నా మొహం ఏముంది? అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నాగా. పోగులు కనపడాలి. ఇందులో నేను మగ్గం మీదున్నానో, మంగలి షాపులో కూర్చున్నానో ఎవరికి తెలుస్తుంది?"

వంటింట్లోంచి అమ్మమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకో రెండు వారాల్లో లేకుండా పోయేది మగ్గం. దాని కోసమని బస్సెక్కి వచ్చి, రెండు రోజులు, 400 ఫొటోలు తీసి, ఒక్కదాంట్లో కూడా మగ్గం లేకుండా చేసుకున్నా.

మూడో రోజు పొద్దున నా పాత ఎఫ్ 2 లెన్సు పెట్టా. గది మూలకి వెళ్లి గోడకి ఆనుకుని, సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ 3200. తాతయ్య చెయ్యి కాస్త కదిలింది. తాడు రెండు తాళ్లుగా కనిపిస్తోంది. మొదట తీసేద్దామనుకున్నా. తర్వాత ముందురోజు 250వ వంతులో తీసినదాన్ని పక్కన పెట్టి చూశా. దాంట్లో చెయ్యి శిల్పంలా ఆగిపోయింది. ఫొటో కోసం ఎవరో పోజు పెట్టించినట్టుంది. కదిలినదాంట్లోనే ఆ టకటక ఉంది.

పోగులు మాత్రం అప్పటికీ సరిగా రాలేదు. ఎనభై నంబరు నూలు అంటే సన్నగా ఉంటుంది. అవి విడివిడిగా కనపడాలంటే లెన్సుని బాగా మూయాలి. ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400 పెడితే షట్టర్ ఒక సెకను చూపించింది. చేత్తో కుదరదు. నూలు కండెల డబ్బా ఒకటి బోర్లించి, దాని మీద అమ్మమ్మ మడతపెట్టిన దుప్పటి వేసి, కెమెరాని కూర్చోబెట్టా.

"తాతయ్యా, ఒక్క సెకను కదలకుండా ఉండు."

"ఎంతసేపూ?"

"ఒకటి అని లెక్కపెట్టేంత."

తాడు పట్టుకుని, తలెత్తకుండా, పేక మీదే కళ్లు పెట్టి ఉండిపోయారు. నేను పది సెకన్ల టైమర్ నొక్కానని ఆయనకి చెప్పడం మర్చిపోయా. ఆ పది సెకన్లూ కదల్లేదు. ఇంట్లో మగ్గం చప్పుడు ఆగితే అమ్మమ్మ ఏమైందోనని తొంగిచూస్తుంది. ఆమె మొహం కూడా ఫ్రేమ్ చివర తలుపు దగ్గర పడింది, కాస్త కదిలిపోయి.

ఇంతా చెప్పాక లెన్సు దండగ అంటే అన్యాయం చేసినట్టవుతుంది. మూడో రోజు రాత్రి దాన్ని మళ్లీ పెట్టి బయటికి వెళ్లా. అరుగు దగ్గర అమ్మమ్మ నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతోంది. వీధి లైటు ఒకటే. వెనక దూరంగా గాలిగోపురం దీపాలు. నేను మూడు మీటర్ల దూరంలో ఉన్నా. ఆ దూరంలో ఎఫ్ 1.0కి స్పష్టత మందం 20 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. మనిషి మొత్తం పడుతుంది, వంగినా ఊగినా ఇబ్బంది లేదు. వెనక గోపురం మాత్రం మెత్తగా, గుండ్రటి వెలుగు చుక్కలుగా విచ్చుకుంది. నిలువెత్తు మనిషిని అలా వెనకున్న ప్రపంచంలోంచి విడదీసి నిలబెట్టడం నా ఎఫ్ 2కి చేతకాదు. నన్నడిగితే ఈ లెన్సు ఉండాల్సిన దూరం మూడు మీటర్లు. రివ్యూలన్నీ మీటరు దూరం నుంచి మొహాలు తీసి చూపిస్తాయి, మనమూ అక్కడికే వెళ్లి ఇరుక్కుంటాం.

పగటి ఎండలో మాత్రం దీనితో కష్టమే. ఐఎస్ఓ 200 దగ్గర ఎఫ్ 1.0కి సెకనులో 50,000వ వంతు షట్టర్ కావాలి. నా కెమెరాకి ఉన్నది 4,000వ వంతు. వెలుతురు తగ్గించే నల్ల ఫిల్టర్ ఒకటి అదనంగా కొనాలి. వెలుతురు కోసం లక్షన్నర పెట్టి, ఆ వెలుతురు ఆపడానికి మళ్లీ ఐదారు వేలు!

కాబట్టి ఎవరైనా నన్నడిగితే ఇలా చెబుతా. రాత్రిపూట వీధుల్లో తిరిగి మనుషుల్ని నిలువునా తీసే అలవాటుంటే, చేతిలో ఇప్పటికే రేంజ్‌ఫైండర్ ఉంటే, ఈఎంఐ లేకుండా కొనగలిగితే, ఇది మంచి లెన్సు. దగ్గర నుంచి మొహాలకైతే ఎఫ్ 1.4 లేదా 1.5 చాలు. అది దీనికంటే తేలిక, కిటికీని ఇంతగా కప్పేయదు. నాకైతే ఇంట్లో వాళ్ల ఫొటోలే ముఖ్యం. ఇంట్లో మా వాళ్లు వస్తువుల మధ్యే ఉంటారు, ఆ వస్తువులు నాకు కావాలి.

సోమవారం ఆఫీసులో లెన్సు తిరిగిచ్చేశా. "తీసుకుంటున్నావా?" అన్నాడు సీనియర్. "జూన్ దాకా ఆగుతా" అన్నా. జూన్‌లో మాకు బోనస్ వస్తుందని అతనికీ తెలుసు, అందుకే నవ్వాడు. అమ్మమ్మ గోపురం ఫొటో ఇప్పటికీ నా ఫోన్ వాల్‌పేపర్. దాన్ని చూసినప్పుడల్లా ఆ షాపింగ్ ట్యాబ్ ఒకసారి తెరిచి మూస్తుంటా.

ఒక సెకను ఫొటోని విజయవాడలో 12కి 18 అంగుళాల సైజులో ప్రింట్ వేయించి పంపా. అప్పటికి గుంట పూడ్చేశారు. టైల్స్ ఇంకా వేయలేదు, ఇసుక మీద ప్లాస్టిక్ పట్టా పరిచి ఉందని అమ్మ చెప్పింది. వారం తర్వాత తాతయ్యే ఫోన్ చేశారు. ఆయన తనంతట తానుగా నాకు ఫోన్ చేయడం అరుదు.

"వచ్చిందిరా ఫొటో. పోగులు బాగా పడ్డాయి."

"అవునా తాతయ్యా!"

"ఎడమ అంచు నుంచి రెండు వేళ్ల దూరంలో ఒక పోగు తెగుంది, చూశావా? ఆ రోజు నేను చూసుకోలేదు. ఆ చీర షావుకారుకి ఇచ్చేశాను కూడా."

నేను ల్యాప్‌టాప్ తెరిచి పెద్దది చేసి చూశా. నిజంగానే ఉంది.